పెద్దమ్మ పరిస్థితి చూసి అనుమానం వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మకు 76 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో కొడుకు, కోడలి వద్ద ఉంటున్నారు. మూడేళ్ల క్రితం ఇల్లు, ఎకరం పొలం కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసిచ్చారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే, ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఊడిరాని గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే జవాబు చెప్పే ముందు కోడలి ముఖం చూశారు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇచ్చే 4000 రూపాయల పింఛను, ఆవిడ వేలిముద్ర పడగానే కొడుకు జేబులోకి వెళ్తోందని పక్కింటివారు చెప్పారు. గట్టిగా అడిగితే ఆ కోపం ఆవిడ మీద తీర్చుకుంటారేమోనని భయంగా ఉంది.

సమాధానం 1:
నేను చాలా ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. మనిషి చిక్కిపోవడానికి షుగరు, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు కాబట్టి, ఆ పరీక్షల పేరుతోనే ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటరిగా మాట్లాడే వీలు అక్కడే దొరుకుతుంది. కొడుతున్నారా అని సూటిగా అడిగితే ఏ తల్లీ అవునని చెప్పదు. రాత్రి ఏం తిన్నారు, మాత్రలు ఎవరిస్తారు, బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గరుంది అని అడగండి. పడిపోతే సాధారణంగా మోకాళ్లకు, మోచేతులకు దెబ్బలు తగులుతాయి. మోచేతి పైభాగంలో, దండచేతుల లోపలివైపు వేళ్ల ఆకారంలో కమిలి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించి చీటీలో రాయించండి.

సమాధానం 2:
2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ఆర్డీవో వద్ద ఉండే ట్రిబ్యునల్‌లో ఆవిడ ఫిర్యాదు చేయవచ్చు. వెళ్లలేకపోతే ఆవిడ అధికారం ఇచ్చిన మనిషి చేయవచ్చు. పోషణ కింద నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే వీలుంది. మీ విషయంలో అసలు కీలకం 23వ సెక్షన్. బాగోగులు చూడాలనే షరతుతో రాసిచ్చి, ఆ మాట తప్పితే దస్తావేజును రద్దు చేయించవచ్చు. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరే దృష్టితో చదవాలని తీర్పిచ్చింది. ఇంకా ఆస్తి రాయని పెద్దలు మీ ఇళ్లలో ఉంటే, తిండి, వైద్యం జీవితాంతం చూడాలనే మాటను దస్తావేజులోనే రాయించండి.

సమాధానం 3:
ఒక్క మాట, అమ్మా. మా బంధువుల్లో ఒకావిడ విషయంలో మేము ముందే కేసు అంటూ తొందరపడితే, కొడుకు జైలుకు వెళ్తాడని భయపడి ఆవిడ మాతో మాట్లాడటమే మానేశారు. మీ పెద్దమ్మకు ఏం కావాలో ముందు ఆవిడనే అడగండి. వృద్ధుల సహాయవాణి 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రాణభయం ఉందనిపిస్తే మాత్రం ఆగకుండా 112కు చేయండి.

ప్రశ్న అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. శనివారం పరీక్షలకని తీసుకెళ్తున్నాను. షరతు రాసి ఉందో లేదో చూడటానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు నకలుకు కూడా దరఖాస్తు పెడతాను.