‘మగరాయుడు’, ‘ఆడంగి’: పిల్లల చెవిన పడే మాటలు

ఆడపిల్లకూ ఆవుకూ బస్సుకూ ‘వచ్చింది’ అనే ఒకే క్రియారూపాన్ని వాడే తెలుగు వ్యాకరణం స్త్రీని తక్కువగా చూడటాన్ని పసితనంలోనే నేర్పుతోందా అన్న ప్రశ్నా, ఆ రూపాన్నే మార్చాలన్న సూచనా మన బృందంలో చర్చకు వచ్చాయి కనుక, నా అభిప్రాయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) స్త్రీలనూ పశుపక్ష్యాదులనూ జడపదార్థాలనూ విడిచి తక్కిన వాటినే, అంటే ముఖ్యంగా పురుషులను, మహత్తులు (గొప్పవి) అంది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరి ‘వచ్చారు’ అనిపించుకుంటారు. వాడుకలో అప్పటికే ఉన్న తీరుకే సూరి సూత్రం కట్టారు. ‘మహత్తు’ అన్న పేరు ఈనాటి పాఠకురాలికి గుచ్చుకోవడం సహజమే. అయినా నేరమంతా క్రియాప్రత్యయం మీద మోపలేము. తమిళంలో ‘వందాళ్’ అనీ కన్నడంలో ‘బందళు’ అనీ ఏకవచనంలోనే స్త్రీకి వేరు రూపాలున్నాయి. అంతమాత్రాన అక్కడి ఆడపిల్లల మీద ఆంక్షలు లేకుండా పోలేదు. మనమూ మగశిశువు విషయంలో సైతం ‘బిడ్డ ఏడుస్తోంది’ అనే అంటాం.

పిల్లలు ఆడామగా తేడాను ఎక్కువగా పట్టుకునేది మన్ననలోనని నా నమ్మకం. కోస్తాలో చాలా ఇళ్ళలో భోజనాల వేళ వినబడే మాటలు గమనించండి: ‘నాన్నగారొచ్చారు, కంచం పెట్టు’, ‘అమ్మ తరవాత తింటుందిలే’. తండ్రికి ‘గారు’, ‘మీరు’, తల్లికి ‘నువ్వు’. ఆమె ‘ఏమండీ’ అని పిలిస్తే ఆయన ‘ఏమే’ అని పలుకుతాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే చిన్నపిల్ల బొమ్మలాటలో నాన్న బొమ్మను ‘మీరు’ అనీ అమ్మ బొమ్మను ‘నువ్వు’ అనీ తడబడకుండా అనగలుగుతుంది. తల్లిని ‘నువ్వు’ అనడంలో చనువూ ప్రేమా ఉన్నాయన్న మాట నిజమే. ఆ చనువు తండ్రి దగ్గర ఎందుకు కూడదో మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పరు. తల్లిదండ్రులిద్దరినీ ‘నువ్వు’ అనే ఇళ్ళు తెలంగాణ పల్లెల్లో ఎక్కువ కనుక అక్కడ ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపించదు.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే జంట మాటల సంగతి. చెట్టెక్కి, గట్టిగా మాట్లాడి, ఎదురు ప్రశ్న వేసే ఆడపిల్లను ‘మగరాయుడు’ అంటారు. అది తిట్టే అయినా అందులో రాయుడున్నాడు. తిట్టే పెద్దల గొంతులోనే కొంత మురిపెం కూడా వినబడుతుంది. ముగ్గు వేయబోయిన పిల్లవాడినీ, దెబ్బ తగిలి ఏడ్చిన పిల్లవాడినీ ‘ఆడంగి’ అంటారు. ‘ఆడంగులంతా ఒకచోట చేరారు’ అంటే స్త్రీలు చేరారని మాత్రమే అర్థం, అందులో నింద లేదు. అదే మాట ఏకవచనమై మగపిల్లవాడి మీద పడేసరికి వాడు తలెత్తుకోలేనంత అవమానంగా మారిపోతుంది. పక్కనే నిలబడి వింటున్న చెల్లెలికి అర్థమయ్యేదేమిటి? తాను పుట్టుకతో ఏదో, అన్నకు అదే తిట్టు.

పిలుపుల్లోనూ ఇదే వరస. ముద్దు ఎక్కువైనప్పుడు కూతుర్ని ‘ఏరా నాన్నా’, ‘ఇలా రారా కన్నా’ అనడం మనకు అలవాటు. కొడుకును ఎంత ముద్దొచ్చినా ‘ఏమే’ అనీ ‘ఇలా రావే’ అనీ పిలిచే ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. ‘కొడుకులా పెంచాం’ అన్న మాటను కూతురి తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకుంటారు. ‘కూతురిలా పెంచాం’ అని కొడుకు గురించి చెప్పేవారు అరుదు.

అందువల్ల ‘వచ్చింది’ని మార్చాలన్న సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను కానీ, ఇంట్లో తల్లికీ తండ్రికీ ఒకే మన్నన ఉండాలనీ, ‘ఆడంగి’ అన్న తిట్టును పిల్లల ముందు పూర్తిగా మానాలనీ గట్టిగా కోరుకుంటాను. సభ్యులను ఒకటి అడగాలని ఉంది. నెమ్మదితనం, సుకుమారం గల మగపిల్లవాడిని నిండు మెచ్చుకోలుగా పిలిచే మాట మీ జిల్లాలో, మీ ఇంటి పెద్దల నోట ఏదైనా ఉందా? ఉంటే ఏ సందర్భంలో విన్నారో కూడా దయచేసి రాయండి.