లాగోస్‌లో (నైజీరియా) సుయా: బీఫ్ తినని వాళ్ళు ఎలా అడిగి తీసుకోవాలి?

కొత్తగా_లాగోస్:
శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళతో కలిసి సుయా (మసాలా పొడి పట్టించి నిప్పుల మీద కాల్చే మాంసం) తినడానికి ఇకోయీ ప్రాంతంలోని గ్లోవర్ కోర్ట్ సుయాకి వెళ్తున్నాం. మొత్తం నలుగురం. ఇద్దరు బీఫ్ తినరు, ఒకరికి కారం పడదు. పొట్టేలు, చికెన్ దొరుకుతాయా? ఎన్నింటికి వెళ్ళాలి, ఎంత తీసుకోవాలి? పొడిలో పల్లీలు వేస్తారంటున్నారు, నిజమేనా?

ఇకెజా_వాసి:
పొట్టేలు, చికెన్, కందనకాయలు అన్నీ దొరుకుతాయండీ. కాకపోతే నోరు తెరిచి చెప్పాలి. ఉత్తినే సుయా అంటే చేతికొచ్చేది బీఫే. డబ్బుల మాట ఎత్తకముందే "రామ్ ఓన్లీ, నో బీఫ్" (పొట్టేలు మాత్రమే, బీఫ్ వద్దు) అనండి. ముక్కలు కోసి పొడి చల్లాక ఏది ఏ మాంసమో కంటికి తెలియదు, అందుకే బీఫ్ పొట్లం, పొట్టేలు పొట్లం వేరువేరుగా కట్టించండి.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది. జాలీ ఒకటే, కత్తి ఒకటే, నూనె రాసే డబ్బా ఒకటే. బీఫ్ తగిలినా పనికిరాదనే పట్టింపు ఉన్నవాళ్ళకి అక్కడ ఏదీ కుదరదు. ముక్క బీఫ్ కాకపోతే చాలనుకునేవాళ్ళకి ఇబ్బంది లేదు.

ఏడున్నర ప్రాంతంలో వెళ్ళండి. పొద్దుగుంకగానే చాలామంది మై సుయాలు (సుయా కాల్చి అమ్మేవాళ్ళు) మగ్రిబ్ నమాజుకి కాసేపు పొయ్యి వదిలి వెళ్తారు, ఆ టైముకి వెళ్తే నిలబడాల్సిందే. పైగా శుక్రవారం ట్రాఫిక్ సంగతి తెలిసిందేగా. మరీ పొద్దుపోయాక వెళ్తే పొట్టేలు అయిపోయిందంటారు.

బీఫ్‌ని ఎక్కువగా పుల్లల లెక్కన, పొట్టేలుని "ఇన్ని నైరాలకి" అని అమ్ముతారు. రేట్లు తరచూ మారతాయి కాబట్టి ముందు అడిగి, ఆ డబ్బుకి ఎంత వస్తుందో చూపించమనండి. చిరుతిండిగా అయితే మనిషికి 150 గ్రాములు, అదే రాత్రి భోజనమైతే 250. చివర్లో "జారా" అడగండి, కొసరుగా రెండు ముక్కలు వేస్తారు. సుయా అమ్మే ఆయన్ని "అబోకి" (హౌసా భాషలో స్నేహితుడు) అని పిలవకండి, అందరూ పిలుస్తారు గానీ కొందరికి అది చులకనగా అనిపిస్తుంది. మర్యాదగా "మాలమ్" (గురువుగారు లాంటి పిలుపు) అనండి.

నిప్పుల_దగ్గర:
పల్లీల మాట నిజమే. సుయాకి పట్టించే యాజి అనే మసాలా పొడికి ఆధారమే కులి-కులి, అంటే నూనె పిండేసిన పల్లీ చెక్క. దాన్ని దంచి అల్లం పొడి, ఎండుమిర్చి, ఉప్పు, మ్యాగీ క్యూబు, కొందరైతే లవంగం, ఉడా కాయలు (మిరియాల్లాంటి ఘాటున్న ఆఫ్రికా మసాలా దినుసు) కూడా కలుపుతారు. కాల్చేటప్పుడు పైన రాసేదీ పల్లీ నూనే. మీలో ఎవరికైనా పల్లీ ఎలర్జీ ఉంటే అక్కడ ఏమీ తినొద్దు. పొడి లేకుండా కాల్చే బలంగు తీసుకున్నా అదే జాలీ, అదే చెయ్యి.

కారం విషయంలో చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. యాజి రెండుసార్లు పడుతుంది. మొదటిది పచ్చి మాంసానికి పట్టించినది, దాన్ని తీయలేం. రెండోది కోశాక పైన గుప్పెడు చల్లేది, అసలు మంట దానిదే. కత్తి ఆడుతుండగానే "నో పుట్ పెప్పర్ ఆన్ టాప్" అని, పొడి విడిగా చిన్న పొట్లం కట్టించుకోండి. అప్పటికీ కొంత కారం ఉంటుంది. అసలే పడనివాళ్ళకి ఉప్పుతో కాల్చిన బలంగు ఉందేమో అడగండి.

ముక్కలు సాయంత్రమే ముప్పాతిక కాల్చి పక్కన పెట్టుకుంటారు. మీరు అడిగాక నూనె రాసి మళ్ళీ నిప్పుల మీదికి ఎక్కిస్తారు. అది మోసం కాదు, పద్ధతే అంత. రద్దీలో మాత్రం ఆ రెండో కాల్పు రెండు నిమిషాల్లో ముగించేస్తారు. అప్పుడు అంచులు గట్టిగా, నడుమ చల్లగా ఉంటుంది. ఒక ముక్క కోయించి లోపలి నుంచి ఆవిరి వస్తోందో లేదో చూడండి, రాకపోతే వెనక్కి పెట్టించండి. చికెన్ అయితే ఎముక దగ్గర ఎర్రగా ఉంటే ముట్టొద్దు. పొట్టేలులో కొవ్వు అంచున్న ముక్కలు ఏరించుకోండి, పల్చటి ముక్క రెండో కాల్పుకే ఎండిపోతుంది.

కొత్తగా_లాగోస్:
చాలా ఉపయోగపడిందండీ. పైన వేసే ఉల్లిపాయ, టమాటా తినొచ్చా? మిగిలితే ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఇకెజా_వాసి:
ఎదురుగా కోస్తే తినండి. బేసిన్‌లో ముందే కోసి పెట్టినవైతే వద్దనండి, ఏ నీళ్ళతో కడిగారో తెలియదు. ఉల్లిపాయ లేకుండా సుయా సగం రుచే కాబట్టి ఒక పాయ అప్పటికప్పుడు కోయమనండి, కాదనరు. పాత న్యూస్‌పేపర్‌లో కడతారు, సిరా అంటకుండా లోపల ఫాయిల్ వేయించుకోండి. పొట్లం మాత్రం గట్టిగా బిగించొద్దు. ఆవిరి లోపలే ఉండిపోతే పొడి ముద్దయిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో జరిగేది అదే. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఎలర్ట్ వచ్చేదాకా పొట్లం చేతికివ్వరు, నెట్‌వర్క్ మొరాయిస్తే సుయా అక్కడే చల్లారిపోతుంది. నగదు పట్టుకెళ్ళండి.

నిప్పుల_దగ్గర:
పొట్టేలు కొవ్వు త్వరగా గడ్డకడుతుంది, అరగంటలోపు తినేయడం ఉత్తమం. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయండి. వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, ముక్క రబ్బరులా సాగుతుంది. ఉల్లిపాయలు ఏరేసి, పెనం సన్నని మంట మీద పెట్టి, ముక్కలు పరిచి, చెంచాడు నీళ్ళు చిలకరించి రెండు నిమిషాలు మూత పెట్టండి. తర్వాత మూత తీసి తడి ఆరేదాకా తిప్పండి. విడిగా తెచ్చుకున్న యాజి స్టవ్ ఆపాకే చల్లాలి, వేడి పెనం మీద పల్లీ పొడి మాడి చేదెక్కుతుంది.