22 పోర్ట్ అంటే ఏది? నెట్‌వర్క్ మాటలకు తెలుగు పేర్లు పెట్టాలా, వద్దా? నాలుగు ఊళ్లవాళ్ల మాటలివి, ఎవరి మాట ముందు వాళ్ల ఊరి పేరుంది.

చీమకుర్తి: ఇక్కడి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకుంటాను. పోయిన నెల ఒక ఫ్యాక్టరీ సర్వర్‌లోకి దూరాలని బయటినుంచి ఎవరో రాత్రంతా పాస్‌వర్డ్‌లు కొట్టి చూశారు. నేను ఒంగోల్లో ఉండి, అక్కడి కుర్రాడికి ఫోన్ చేసి "22 పోర్ట్ మూసెయ్" అన్నాను. 22 అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి నంబరు. బయటివాళ్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో ఆ నంబరు మూస్తాడనుకున్నా. వాడు ర్యాక్ దగ్గరికెళ్లి, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ గుచ్చే 24 పోర్టుల స్విచ్ పెట్టెలో 22 అని రాసున్న చోట కేబుల్ పీకేశాడు. అది కాటా కంప్యూటర్ కేబుల్. లారీలు గేటు దాకా నిలిచిపోయాయి. వాడిని తిట్టలేకపోయాను. రెండింటికీ ఒకటే పేరైతే వాడేం చేస్తాడు? డిప్లొమా పిల్లలకు ఈ మాటలన్నీ తెలుగులోనే నేర్పాలని నాకు అప్పటినుంచీ గట్టిగా అనిపిస్తోంది.

కావలి: నేనూ అదే అంటాను. మనకు కృష్ణపట్నం రేవు ఉంది కదా, పోర్ట్‌ని రేవు అందాం. ఐపీ అడ్రస్ అంటే ఏ రేవుకు వెళ్లాలో, పోర్ట్ నంబరు అంటే అక్కడ ఏ బెర్త్‌లో ఆగాలో. బొగ్గు ఓడ, ఎరువుల ఓడ ఒకే బెర్త్‌కి రావు. అలాగే వెబ్‌సైట్‌కి 443, వెబ్‌సైట్ పేరుకు ఐపీ అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్‌కి 53.

ఒంగోలు: పోలిక బాగుంది, పేరుగా మాత్రం వద్దు, అన్నా. మీ లెక్కలో ఐపీ రేవు, పోర్ట్ బెర్త్. మరి పోర్ట్‌ని రేవు అంటే మళ్లీ తికమకే. పైగా ఈ పోర్ట్ ఓడరేవు నుంచి వచ్చింది కాదు, ద్వారం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. నేను పాలిటెక్నిక్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. పరీక్షలో, స్క్రీన్ మీద, రేపు ఉద్యోగంలో వాళ్లకు కనిపించేది పోర్టే. రెండు పేర్లు మోయించడం వాళ్లకు బరువు.

ఆత్మకూరు: పోర్ట్‌ని తూము అంటే? మా కాలువ గట్టున తూములుంటాయి. తెరవడం, మూయడం అనే మాటలు అక్కడా ఉన్నాయి. ఒకేసారి ఎంత డేటా పోతుందో చెప్పే బ్యాండ్‌విడ్త్‌కీ, చేరడానికి ఎంత ఆలస్యమో చెప్పే లేటెన్సీకీ తేడా కూడా కాలువతోనే చెప్పొచ్చు. వెడల్పు ఎంతున్నా, సంగం బ్యారేజీలో వదిలిన నీళ్లు చివరి పొలానికి చేరడానికి పట్టే టైమ్ వేరు.

ఒంగోలు: బ్యాండ్‌విడ్త్ పోలిక రేపే క్లాసులో చెప్తాను, చాలా బాగుంది. తూము మాత్రం గట్టుకున్న కన్నమే కదా. ఆ కుర్రాడు మళ్లీ ర్యాక్ దగ్గరికే పోతాడు! పోర్ట్ నంబరు 0 నుంచి 65535 దాకా ఉంటుంది. ఏ స్విచ్‌కైనా అన్ని కన్నాలుంటాయా? ఈ ఒక్క ప్రశ్న వేస్తే పిల్లలకు తేడా వెంటనే తెలిసిపోతుంది.

కావలి: అయితే కేబుల్ గుచ్చే చోటుని సాకెట్ అందాం. పోర్ట్‌ని నంబరుకే వదిలేద్దాం.

ఒంగోలు: అది ఇంకా ప్రమాదం. ప్రోగ్రాములు రాసేవాళ్లకు సాకెట్ అంటే ఐపీ, పోర్ట్ నంబరు కలిపి ప్రోగ్రామ్ వాడుకునే కనెక్షన్ కొస. ఒక చిక్కు విప్పబోయి ఇంకోటి వేసినట్టవుతుంది.

ఆత్మకూరు: మరి పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లాడి సంగతేంటి? మొదటివారం ఈ మాటలు వింటేనే వాడికి టెన్షన్. నేను అలాగే కోర్సు మానేయబోయాను. ప్రోటోకాల్ అంటే ఇద్దరూ ముందే ఒప్పుకున్న పద్ధతి అని ఒక సీనియర్ తెలుగులో చెప్పాకే నిలబడ్డాను.

ఒంగోలు: వివరించడం తెలుగులోనే, అందులో నాకు రెండో మాట లేదు తమ్ముడూ. నేను వద్దనేది కొత్త పేర్లు పుట్టించడాన్నే.

చీమకుర్తి: ఇక్కడ నా పట్టు సడలింది. పేర్లు మార్చను. ఇకమీదట ఫోన్లో "ఫైర్‌వాల్‌లో పోర్ట్ నంబరు 22" అనో, "స్విచ్ మీద 22వ కేబుల్" అనో పూర్తిగా చెప్తాను. ఇవాళ పొద్దున ఆ కుర్రాడు, నేను కలిసి ప్రతి కేబుల్‌కీ స్టిక్కర్ అంటించాం: కాటా, గేటు కెమెరా, ఆఫీసు ప్రింటర్. తెలుగులోనే రాశాడు. కాటా స్టిక్కర్ మాత్రం రెండు చివర్లా అంటించాడు.