లాడ్ బజార్ సాయంత్రం ఫొటో: ఆకాశం మార్చడం తప్పా?

సంజె_కెమెరా:
మొన్న సెప్టెంబర్‌లో ఊరికి వచ్చినప్పుడు, వాన వెలిశాక లాడ్ బజార్‌లో తీసిన ఫొటో ఇది. వీధి మధ్యలో నిలబడి చార్మినార్ వైపు తిరిగి తీశాను. 35 ఎంఎం లెన్స్, ఎఫ్/2, షట్టర్ 1/100 సెకను, ఐఎస్ఓ 1600. కింది సగమంతా తడి నేల, అందులో గాజుల దుకాణాల వెలుగు. ఎడమ అంచున బుట్ట మోసుకెళ్తున్న మనిషి నీడలా కనిపిస్తాడు. ఎడిటింగ్‌లో ముఖ్యంగా మూడు పనులు చేశాను. దుకాణాల తెల్ల వెలుగును పసుపు వైపు తిప్పాను. అడ్డంగా వేలాడే కరెంటు తీగలు తీసేశాను. ఆకాశం మబ్బు పట్టి చప్పగా ఉంటే నారింజ రంగు ఆకాశం పెట్టాను. కంపోజిషన్, అంటే ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉందన్నది, ఎలా ఉందో చెప్పండి. మనిషి మరీ అంచుకు పోయాడేమోనని నా అనుమానం.

వానచినుకు:
చాలా బాగుంది అన్నా. ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టేసుకున్నా.

నలుపుతెలుపు:
మనిషి సంగతి తర్వాత. లాడ్ బజార్ చార్మినార్‌కు పడమటి పక్క ఉంది. అక్కడి నుంచి చార్మినార్‌ను చూస్తున్నారంటే మీ ముఖం తూర్పుకు ఉన్నట్టు. సాయంత్రం పూట తూర్పున నారింజ రంగు ఆకాశం ఎక్కడి నుంచి వచ్చింది? ఎండ దిగే దిక్కు మీ వీపు వెనక ఉంది. ఇది సాయంత్రం ఫొటో కాదు, సాయంత్రం పేరు పెట్టుకున్న బొమ్మ.

సంజె_కెమెరా:
సూర్యాస్తమయం అయ్యాక తూర్పున కూడా గులాబీ రంగు పట్టీ కాసేపు కనిపిస్తుందండీ. నేను కళ్లారా చూశాను. తూర్పు అంటే రంగే ఉండదనడం సరికాదు.

నలుపుతెలుపు:
ఆ పట్టీ నాకూ తెలుసు. ఆకాశం తేటగా ఉంటే అడుగున లేత గులాబీ రంగులో వస్తుంది. దాని కింద నీలి బూడిద రంగు ఉంటుంది, అది భూమి నీడ. మీరేమో మినార్ల తల దాకా నారింజ పోశారు. పైగా ఆ రోజు మబ్బు ఉందని మీరే రాశారు. ఇంకో విషయం, నేల చూడండి. నీళ్లలో ఆకాశం తెల్లగా పడింది, పైన మాత్రం నారింజ. నేల నిజం చెబుతోంది.

రంగులగది:
దిక్కుల గొడవ కాసేపు పక్కన పెడదాం. అడిగింది కంపోజిషన్ గురించి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

మనిషి అంచున ఉండటం తప్పు కాదు. అతని తల వెనక మూసిన దుకాణం నల్లటి షట్టర్ ఉండటం వల్ల తల అందులో కలిసిపోయింది. ఇంకో రెండడుగులు వేసేదాకా ఆగి ఉంటే దుకాణం వెలుగు ముందుకు వచ్చేవాడు, బుట్ట అంచు స్పష్టంగా కనిపించేది. సాయంత్రం వీధిలో నేను ముందు వెలుగు పడే చోటు వెతుక్కుంటాను. ఫ్రేమ్ కట్టుకుని, మనిషి అందులోకి వచ్చేదాకా నిలబడతాను. మనుషుల వెంట పరిగెత్తితే వెనక ఏముందో చూసుకోలేం.

ఇక రంగు. సెప్టెంబర్ మధ్యలో హైదరాబాద్‌లో పొద్దు 6:15 ప్రాంతంలో కుంకుతుంది. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఆకాశం వెలుగూ దుకాణాల వెలుగూ దాదాపు సమానంగా ఉంటాయి. అప్పుడు తూర్పు వైపు చూస్తే మబ్బులో కూడా నీలం దొరుకుతుంది. రా ఫైల్‌లో, అంటే కెమెరా మార్చకుండా దాచిన ఫైల్‌లో, రంగుల వెచ్చదనం సరిచేసే వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెట్టి చూడండి. ఆకాశం నీలంగానే ఉంటుంది, పసుపు బల్బులు వెచ్చగా ఉంటాయి. ఆకాశం మార్చే పనే ఉండదు. ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు లోపలికి రావాలన్నది) మాత్రం బల్బులను చూసి పెట్టాలి. బల్బు చుట్టూ తెల్లగా కాలిపోయిందంటే ఎడిటింగ్‌లో తిరిగి రాదు. నీడలు కొంచెం చీకటిగా ఉన్నా పైకి లాగొచ్చు. అయితే మీరు ఉల్టా చేశారు, కుడి పక్క నీడలను ఇంకా నల్లగా తొక్కేశారు.

కెమెరా షట్టర్ వేగం 1/100 పెట్టడం మంచి పని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/500 పెట్టి ఉంటే ఫొటోలో అడ్డ చారలు వచ్చే ప్రమాదం ఉండేది.

పాతబస్తీ_పిల్ల:
చారలు ఎందుకు వస్తాయో నాకు ఈ రోజు అర్థమైంది. థ్యాంక్స్.

నలుపుతెలుపు:
దిక్కులు పక్కన పెట్టలేను. ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కింద రాజమండ్రిలో ఒక పోటీకి గోదావరి ఫొటో పంపాను. ఆ ఒక్క ఫొటో కోసం పదకొండు సాయంత్రాలు పుష్కర ఘాట్ దగ్గర కూర్చున్నాను, పడవ నాకు కావలసిన చోటుకు వచ్చేదాకా. మొదటి బహుమతి దేనికి వచ్చిందో తెలుసా? అదే ఘాట్ నుంచి, అదే సంజెవేళ, నది మీద నిండు చంద్రుడు ఉన్న ఫొటోకు. రాజమండ్రి గట్టు మీద నిలబడి నదిని చూస్తే పడమర. పౌర్ణమి చంద్రుడు సాయంత్రం తూర్పున పొడుస్తాడు. చిన్న పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. నిర్వాహకులకు రాస్తే 'కళాత్మకంగా ఉంది కదండీ' అన్నారు. అప్పటి నుంచి ఏ ఫొటో చూసినా నేను ముందు వెతికేది దిక్కే.

సంజె_కెమెరా:
మీకు జరిగింది అన్యాయమే. కానీ నేను ఏ పోటీకీ పంపలేదు. బహుమతి పోయిన కోపం నా మీద చూపిస్తే ఎలా?

నలుపుతెలుపు:
కోపం కాదు. నువ్వు అబద్ధాన్ని అందంగా చుట్టి పెట్టావు, అది చూసి ఇంకో పదిమంది నేర్చుకుంటారు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరికి ముందు రౌండ్ దాకా వచ్చిన ఫొటోల్లో 20 శాతం ఇలాంటి మార్పుల వల్లే తీసేశారు.

రంగులగది:
అది వార్తా ఫొటోల పోటీ. ఇది అది కాదు. తర్వాత మార్చుకోవడం అనేదే తప్పయితే పెద్దవాళ్లూ మిగలరు. క్రాపింగ్ (ఫొటో అంచులు కోయడం) ఇష్టపడని ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ కూడా 1932లో పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఆ నీటిగుంట ఫొటోను క్రాప్ చేశారు.

నలుపుతెలుపు:
క్రాప్ చేస్తే ఉన్నది కొంత తగ్గుతుంది. ఇక్కడ లేనిది తెచ్చి పెట్టారు. రెండూ ఒకటెలా అవుతాయి?

మోడరేటర్:
ఇద్దరూ 'మీరు' అనే మాట్లాడుకోండి. లేదంటే థ్రెడ్ మూసేస్తాను.

చార్‌కమాన్_వాసి:
నేను ఆ వీధిలోనే ఒక గాజుల దుకాణంలో పనిచేస్తాను. పొద్దుటి నుంచి చదువుతున్నా. తూర్పా పడమరా అని ఇంత కొట్లాడుతున్నారు, వీధిలో ఉన్నవాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు.

తీసేసిన తీగల్లో ఒకటి మా బోర్డుకు వచ్చే తీగ. దాంతోపాటు బోర్డు మీద పేరు కూడా సగం చెరిగిపోయింది, పెద్దది చేసి చూడండి. ఇక తెల్ల వెలుగు. మేము ఎల్ఈడీలు సోకుకు పెట్టుకోలేదు. గిరాకీ చీర తెచ్చి, దానికి సరిపోయే గాజులు అడుగుతారు. పసుపు బల్బు కింద ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలీదు. ఇంటికి పోయి చూసుకుని, రంగు కలవలేదని మర్నాడు తిరిగి తెస్తారు. మా లక్క గాజులకు, లక్క వేడి మీద మెత్తగా ఉండగానే ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. ఆ రాయి మెరిస్తేనే గాజు అమ్ముడుపోతుంది, అందుకే తెల్ల వెలుగు. మీరు దాన్ని పసుపు చేసేసరికి మా వ్యాపారం కాస్తా పాత కాలం బొమ్మ అయింది. వచ్చే ఫొటోగ్రాఫర్లందరికీ మేము పాతగా కనిపించాలి. నీడలా కనిపించాలి, ముఖం ఉండొద్దు. నా బాధ అది. ఆకాశం మీకు నచ్చిన రంగు పెట్టుకోండి.

సంజె_కెమెరా:
ఈ మాట నన్ను తాకింది. నా వైపు కూడా వినండి. నేను చార్మినార్ దగ్గరి శాలిబండలో పెరిగాను. పద్నాలుగేళ్లుగా మస్కట్‌లో ఉంటున్నా. అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చినప్పుడు ఆ వీధంతా పసుపు బల్బులే. అమ్మ బేరం ఆడుతుంటే నేను గాజుల మీద ఆ వెలుగు చూస్తూ నిలబడేవాడిని. అమ్మ పోయాక మొదటిసారి వచ్చాను. ఫొటో కంప్యూటర్‌లో తెరిస్తే తెల్లగా, వేరే ఊరిలా ఉంది. ఆ చిన్నప్పటి వెలుగు వచ్చేదాకా స్లైడర్లు తిప్పుతూ కూర్చున్నాను. ఎవరినీ మోసం చేద్దామని కాదు.

చార్‌కమాన్_వాసి:
మీ అమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది అన్నా. కానీ మొదటి పోస్టులో 'మొన్న సెప్టెంబర్‌లో తీసిన ఫొటో' అని రాశారు. 'నా చిన్నప్పటి లాడ్ బజార్' అని రాసి ఉంటే నేను ఒక్క మాట అనేవాణ్ని కాదు.

రంగులగది:
నేనూ వెలుగు గురించి పేజీడు రాశాను గానీ ఆ వెలుగు ఎందుకు తెల్లగా ఉందో అడగలేదు. సంజె_కెమెరా గారూ, ఒరిజినల్ పెట్టగలరా?

సంజె_కెమెరా:
పెట్టాను. ఏమీ ముట్టుకోలేదు.

పాతబస్తీ_పిల్ల:
తీగలతో ఇదే నాకు నచ్చింది. మా వీధిలా ఉంది.

చార్‌కమాన్_వాసి:
కుడి పక్క రెండో దుకాణంలో స్టూల్ మీద కూర్చుని, ఒకావిడ చేతికి గాజు ఎక్కిస్తున్నది మా అన్న. ఎడిట్ చేసినదాంట్లో చీకట్లో కలిసిపోయాడు. పెద్ద సైజు పంపగలరా? ప్రింటు వేయించి దుకాణంలో పెడతాం.

సంజె_కెమెరా:
ఈ రాత్రే పంపుతాను. తీగలూ బోర్డూ తెల్ల వెలుగూ ఉన్నవి ఉన్నట్టే. పసుపుది నా దగ్గర ఉంచుకుంటాను, పైన పేరు మార్చి రాస్తాను.

నలుపుతెలుపు:
ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేల మీద తెల్ల ఆకాశం మాత్రం ఇంకా అలాగే ఉంది.