జగముల వ్రేఁగునా, వేగునా?

కావలి సైన్సు మేష్టారు: తొమ్మిదో తరగతికి ద్రవ్యవేగం చెప్పేటప్పుడు పోతన భాగవతంలో భీష్మస్తుతి సీసం ఎత్తుకుందామని ఉంది, కృష్ణుడు చక్రం పట్టి రథం మీంచి భీష్ముడి మీదికి ఉరికే పద్యం. “ఉఱికిన నోర్వక యుదరంబులో నున్న జగముల ... జగతి గదల”. నడిమి మాట వేగునా, వ్రేగునా? వేగున అయితే పాఠానికి అచ్చంగా సరిపోద్ది.

మూలాపేట: వ్రేఁగున, అరసున్నతో సహా. బరువు అని అర్థం.

కందుకూరు: అట్టా కొట్టిపారేస్తే ఎట్టా? గణాలు చూడండి. వ్రే అన్నా వే అన్నా గురువే, భగణమే. వ్రే ముందున్న ‘ల’ తేల్చి పలికితే లఘువు, నలం; ఊని పలికితే గురువు, నగం; రెండూ సీసంలో చెల్లే ఇంద్రగణాలే. యతి జగముల, జగతి మధ్య కుదిరింది. సీసానికి ప్రాస నియమం లేదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యానికి రాదు.

మూలాపేట: వ్యాకరణం వస్తుంది కదా! వేగము అయితే ‘వేగమున’ అనాలి. ఒక గురువు, మూడు లఘువులు, ఆ గణమే లేదు. ‘వేగు’ అంటారా, గూఢచారి, లేదా వేకువ. స్వామి కడుపులో గూఢచారులా?

సింగరాయకొండ: వ్రేలు వేలైంది, త్రాగు తాగైంది. పాడేవాళ్ల నోట్లో వ్రేఁగు వేగయింది, అంతే. కడుపుతో ఉన్నామెను వేకటిమనిషి అంటాం చూడండి, అందులోదీ ఈ బరువేనని నా ఊహ. ‘ఉదరంబులో నున్న’ పక్కనే పోతన ఆ మాట వేయడం ఊరికే కాదు.

కావలి సైన్సు మేష్టారు: బరువే అనుకుందాం. కడుపులో జగాలు రథం మీదా ఉన్నాయి, ఆ బరువు చక్రాల మీదుగా అప్పటికే నేల మీద పడి ఉంది. మరి ఉరికితేనే ఎందుకు కదిలింది? 60 కిలోల మనిషి 1.25 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, జి విలువ 10 తీసుకుంటే, నేల తాకేసరికి సెకనుకు 5 మీటర్ల వేగం, 300 ద్రవ్యవేగం. మోకాళ్లు వంచి 0.1 సెకనులో ఆగితే నేల మీద సగటు బలం 3000 + 600, మొత్తం 3600 న్యూటన్లు. కాళ్లు బిగబట్టి 0.02 సెకనులో ఆగితే 15,600. పిల్లలు మర్చిపోయేది ఆ 600 కలపడమే. బరువు మాత్రం మొదట్నుంచీ 600 దాటలేదు. కదిలించింది ద్రవ్యవేగంలో మార్పు.

కందుకూరు: ఇంకో చిక్కుంది సార్. కృష్ణుణ్ణీ భూమినీ ఒకే వ్యవస్థగా చూస్తే, ఆయన కిందికి పడేటప్పుడే భూమి పైకి వస్తా ఉంటుంది. పాదం ఆనిందా, రెండూ ఆగుతాయి. 60 కిలోలకైతే భూమికి వచ్చే వేగం సెకనుకు 5×10⁻²³ మీటర్లు. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం జగతి కదిలేది ఆయన గాల్లో ఉన్నప్పుడు. కాబట్టి ‘కదల’ అంటే అదరడమే, చోటు మారడం కాదు.

మూలాపేట: ఈ ఘట్టం భారతంలో భీష్మపర్వంలోది, తెలుగులో మన తిక్కన భాగం. వ్యాసుడైతే అర్జునుడు పదో అడుగున ఆపాడని లెక్క కట్టాడు. పోతన లెక్క మానేసి “క్రీడి మరలఁ దిగువ” అన్నాడు. క్రీడి అంటే అర్జునుడే. ఇక్కడ దిగువ అంటే లాగడం, కింద అని రాసిన టీకలు చింపేయండి.

సింగరాయకొండ: మీరు మీ నెల్లూరి తిక్కన్ని దించితే మేం మా వైపు ఎఱ్ఱన్ని దించాల్సొస్తది, వద్దులే. మేష్టారికి పనికొచ్చేది మూడో పాదం: “చనుదెంచు రయమునఁ బైనున్న పచ్చనిపటము జాఱ”. జడత్వానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? భుజానికీ బట్టకీ ఘర్షణ గుణకం 0.3 వేసుకున్నా, త్వరణం 3 మీ/సె² దాటితే ఉత్తరీయం వెనకే ఉండిపోద్ది.

కావలి సైన్సు మేష్టారు: ఒకే వేగంతో వస్తే జడత్వం వల్ల జారదు కదా. అయితే రయం త్వరణమా? పాఠ్యపుస్తకం దిశ లేనిది వడి, ఉన్నది వేగం అని విడగొట్టింది. రయాన్ని ఏ గాట కట్టాలి?

కందుకూరు: వేగం గాటనే. బట్టని లాగింది ఎదురుగాలి, అది సమవేగంలోనూ లాగుతుంది. ‘రయ్యిన పోయాడు’ అన్నదీ ఈ రయమే.

మూలాపేట: అది ధ్వన్యనుకరణ సామీ, సర్రున, జుయ్యిన లాగా. రయం సంస్కృతం. ‘రయ్యి’లో ఆ ద్విత్వం ఎట్టా వచ్చిందో ముందు చెప్పండి.