‘సోషల్’ అంటే ‘సామాజిక’మేనా? ఒక మాట సాయం కావాలి

గే, లెస్బియన్ సంఘాల చరిత్ర మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. విషయం దొరికింది కానీ ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది.

1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగు జంటల ఆడవాళ్లు ‘డాటర్స్ ఆఫ్ బిలిటిస్’ పెట్టుకున్నారు. బార్లకు పోతే పోలీసు దాడుల భయం. అందుకని ఎవరో ఒకరి ఇంట్లో కలిసి, కబుర్లు చెప్పుకొని, డాన్సు చేసి పోయేవాళ్లు. ఇంగ్లిషులో ‘సోషల్ క్లబ్’ అన్నారు. నేను ‘సామాజిక సంస్థ’ అని రాసి మా నాన్నకు చూపిస్తే, “వీళ్లు రక్తదాన శిబిరాలు పెడతారా?” అన్నాడు. తప్పు ఆయనది కాదు. తెలుగులో ‘సామాజిక’ అనగానే సేవో, న్యాయమో, వర్గమో గుర్తొస్తుంది. సరదాగా కూర్చోవడం గుర్తురాదు.

పత్రికలవాళ్ల ‘స్వలింగ సంపర్కులు’ మాత్రం చెప్పొద్దు. హిందీలో సంపర్క్ అంటే ఫోన్ నంబరు ఇచ్చినా సరిపోతుంది. మన దగ్గర ఆ మాట నేరుగా పడగ్గదిలోకి పోతుంది. వీళ్లు కలిసింది కాఫీకి.

అనంతపురం, రిటైర్డ్ తెలుగు పండితుడు: అమ్మా, మన సీమలో రచ్చకట్ట ఉంది కదా. పనీపాటా అయినాక నలుగురూ చేరే చోటు. ‘రచ్చ’ సంస్కృతం ‘రథ్యా’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. వీధి అని అర్థం.

కర్నూలు, ఒక సభ్యుడు: సార్, చిక్కు అక్కడే ఉంది. రచ్చకెక్కుతామేమో అనే భయంతోనే వాళ్లు తలుపులేసుకొని కలిసింది! రచ్చకట్ట మీద కూర్చోగలిగినవాళ్లకు ఆ క్లబ్బు ఏంటికి? ‘కూటమి’ అనండి.

అనంతపురం: నాయనా, నిఘంటువు తీసి చూడు. పాత కావ్యాల్లో కూటమి అంటే రతి. సంపర్కం వద్దని అమ్మాయి మొత్తుకుంటుంటే నువ్వు మళ్లీ అక్కడికే తెచ్చినావు. ఇప్పుడేమో ఆ మాట ఎన్నికల పొత్తులకు పోయింది.

ప్రొద్దుటూరు, ఒక సభ్యురాలు: అక్కా, ‘సంఘం’ చాలదా? మా అత్త పొదుపు సంఘానికి పోయేది సగం అప్పు కోసం, సగం మాట్లాడుకోవడానికి. మీటింగు గంట అయితే ముచ్చట్లు రెండు గంటలు. మేమంతా దాన్ని సంఘమనే అంటాం.

(నేను): ఇది నచ్చింది. ఎందుకంటే డాటర్స్ ఆఫ్ బిలిటిస్‌లోనూ ఏడాది తిరక్కముందే ఈ తగువే వచ్చింది. మాకు స్నేహం చాలు అని కొందరు, హక్కుల గురించి కూడా మాట్లాడాలి అని కొందరు. మొదటివాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. పెట్టినవాళ్లలో ఒక జంట డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ నిలబడ్డారు. ‘సంఘం’లో రెండు పక్షాలూ ఇముడుతాయి.

ఇలాంటి సంఘాల పేర్లే ఒక చర్చకు సరిపోతాయి. బిలిటిస్ ఒక ఫ్రెంచి కవి కల్పించిన స్త్రీ. ఎవరైనా అడిగితే కవిత్వ గోష్ఠి అని చెప్పుకోవచ్చు. 1950లో లాస్ ఏంజెలిస్‌లో హ్యారీ హే, మిత్రులు పెట్టిన గే మగవాళ్ల సంఘం ‘మటాషీన్ సొసైటీ’కి పాతకాలపు ఫ్రాన్సులో ముసుగులేసుకొని ఆడే బృందాల పేరు. మన దేశంలో ముసుగు కన్నా చుట్టరికం కనిపిస్తుంది. ముంబైలో 1990లో మొదలైన పత్రిక ‘బాంబే దోస్త్’, ఢిల్లీలో 1991 నాటి లెస్బియన్ల బృందం ‘సఖి’, మళ్లీ ముంబైలోనే 1994లో ‘హమ్‌సఫర్’ ట్రస్టు. దోస్తు, సఖి, తోడు నడిచే మనిషి. పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018లో. అంతకు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల ముందు పెట్టుకున్న పేర్లు ఇవి.

కర్నూలు: దోస్తు అయితే మా ఊళ్లో రోజూ వాడే మాటే. కూటమి వాపసు తీసుకుంటున్నా.

(నేను): ప్రస్తుతానికి ‘స్నేహ సంఘం’ అని దిద్దాను. నాన్నకు మళ్లీ చూపించాను. ఈసారి రక్తదానం అనలేదు, నెలకు చందా ఎంత అని అడిగాడు.