ఈ వారం సమస్య: "కాణి లేనివాడు కనకమమ్మె"

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను, అర్థం పొసిగేలా పై మూడూ మీరు పూరించాలి.

కాణి లేనివాడు కనకమమ్మె

కనకమమ్మె అంటే బంగారం అమ్మాడు. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల ముక్కలు), కా–క యతి, అంటే మొదటి గణానికీ నాలుగో గణానికీ తొలి అక్షరాల మైత్రి. కాణీ అంటే పావు అణా, రూపాయికి 64. 1957లో నయాపైసలు వచ్చాక పుట్టినవాళ్ళకు ఈ మాట చెప్పక తప్పదు. షరతు ఒక్కటే: పూరణ బందరు (మచిలీపట్నం) బజారులోంచి రావాలి, 1900–1930 మధ్య కాలం నుంచి. రేవు చల్లబడి, 1908లో బెజవాడ రైలు వచ్చి, ఊరు బతుకుతెరువు మార్చుకుంటున్న రోజులవి. కృష్ణాపత్రిక, జాతీయ కళాశాల, 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, వీటి గురించి అందరూ రాస్తూనే ఉంటారు. నాకు కొట్టు తెరిచి కూర్చున్నవాళ్ళు కావాలి. హరిశ్చంద్రుణ్ణి కాశీలోనే ఉండనివ్వండి. సత్యభామ తులాభారం జోలికి అసలే పోకండి.

పాత సందూకం:
కనకం, బందరు అనగానే ఎవరికైనా తట్టేది ఒకటే కదా, చిలకలపూడి రోల్డుగోల్డు.

రాగి రేకు మీద రవ్వంత బంగారు
పూత పూసి నగలు పోత పోసి
చేతి పనిని నమ్మి చిలకలపూడిలో
కాణి లేనివాడు కనకమమ్మె

నిర్వాహకుడు:
చిలకలపూడిని ఆటవెలదిలో ఇమడ్చడం తేలిక కాదు. మూడో పాదం చివర, కాస్త పొడుగు ముక్కలైన ఇంద్రగణాల చోట భలే కూర్చోబెట్టారు. రెండో పాదమే అడ్డం తిరిగింది. పూత పూశాక పోత పోస్తే ఆ బంగారం ఏమైనట్టు? రాగిలో కరిగి గంగలో కలిసినట్టే.

గొడుగుపేట మనవరాలు:
అసలు పూతే కాదండీ. రోల్డుగోల్డు అన్న పేరులోనే ఉంది. రాగి మీద పల్చటి బంగారు రేకు అతికించి రెంటినీ కలిపి సాగదీస్తారు. మా అమ్మమ్మ గాజు ఒకటి నా దగ్గరుంది. అంచున, రోకలి పట్టుకున్నప్పుడు రాసుకునే చోట, వరిగింజంత మేర రాగి బయటపడింది. పేరంటానికి వెళ్ళేటప్పుడు ఆ మచ్చను అరచేతి వైపుకు తిప్పుకునేదట. అక్కడ ఎంతమంది చేతులు అలా తిప్పి ఉండేవో!

పాత సందూకం:
అమ్మా, మీ గాజు ముందు నా పద్యం తేలిపోయింది. రెండో పాదం మార్చాను.

రాగి రేకు మీద రవ్వంత బంగారు
తొడిగి మెరుగు పెట్టి తుడిచి తుడిచి
చేతి పనిని నమ్మి చిలకలపూడిలో
కాణి లేనివాడు కనకమమ్మె

నిర్వాహకుడు:
"తుడిచి తుడిచి" దగ్గర పనివాడి చెయ్యి కనిపిస్తోంది. తొ–తు యతి సరిపోయింది. ఒక్క సందేహం. కాణీ కూడా లేనివాడికి ఆ రవ్వంత బంగారం ఎక్కడిది?

పాత సందూకం:
షావుకారు అప్పుమీద ఇస్తాడు కదండీ, సరుకు అమ్ముడుపోయాక పట్టుకుంటాడు. నాలుగు పాదాల్లో పద్దు కూడా రాయమంటే ఎలా!

కొత్త కలం:
నాకిది రెండో పద్యం, తిట్టకండి. నా లెక్కలో కాణీ లేనివాడు గుమాస్తా.

షావుకారు కొట్టు లోపల కూర్చుండి
తులము తులము తూచి తూచి యిచ్చి
జీతమెంతొ గాని చేతికి రాకున్న
కాణి లేనివాడు కనకమమ్మె

గానుగెద్దు:
తిట్టడం ఎందుకు, సమస్యను ఇంత సూటిగా విప్పిన పూరణ ఇంకా రాలేదు. వస్తువు వాడిది కాదు, అమ్మేది మాత్రం వాడే. మూడో పాదం అయితే చదవగానే నవ్వొచ్చింది, ఆ వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు. మొదటి పాదంలో యతి తప్పింది. షా కు లో తో మైత్రి లేదు. షా కు చ, జ, శ, స లలో ఏదైనా పడుతుంది.

కొత్త కలం:
"షావుకారు కొట్టు చాపపై కూర్చుండి" అంటే?

గానుగెద్దు:
చూశారా! యతి కోసం వెతికితే చాప దొరికింది. "లోపల" అన్నప్పుడు ఏమీ కనపడలేదు. ఇప్పుడు చాప, దాని మీద వాలుబల్ల, చిట్టా ఆవర్జాలు, త్రాసు, బంగారం తూచే గురివింద గింజల డబ్బా అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. యతి మనల్ని కట్టేస్తుందని ఎవరన్నారో గానీ!

నిర్వాహకుడు:
తులం అంటే సుమారు 11.66 గ్రాములు. మన ఊళ్ళో అన్నేసి తులాలు కొనేవాళ్ళు రోజూ వచ్చేవారా? "గింజ గింజ తూచి కేలికిచ్చి" అనీ వేసుకోవచ్చు, గిం–కే యతి కుదురుతుంది. కానీ "తూచి తూచి"లో ఉన్న విసుగు పోతుంది. మీదే ఉంచండి.

పసరు సంచి:
నాది అడ్డదారి, ముందే ఒప్పుకుంటున్నాను.

ఉబ్బసమ్ము గలుగ నుమ్మెత్త నిమ్మని
చెట్ల మందు కొట్టు చేరి యడుగ
గోనె సంచి పైన కుప్పను చూపుచు
కాణి లేనివాడు కనకమమ్మె

పాత సందూకం:
కనకానికీ ఉమ్మెత్తకూ ఏమిటి చుట్టరికం?

నిర్వాహకుడు:
అమరకోశం ఉమ్మెత్తను "కనకాహ్వయం" అంటుంది. బంగారం పేరు దానికీ ఉంది. కాబట్టి శ్లేష చెల్లుతుంది. ఉబ్బసానికి ఎండిన ఉమ్మెత్తాకు పొగ పట్టడం అప్పట్లో ఉన్నదే. విషం, ఇప్పుడు ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. పూరణ తెలివిగా ఉంది, అంతకుమించి లేదు. గోనె సంచి తప్ప ఆ కొట్టు నాకు కనపడలేదు. కరక్కాయలూ పిప్పళ్ళూ కలిసిన వాసన ఏదండీ?

పసరు సంచి:
వాసనకు గణం కుదరలేదు.

ఫరాసుపేట:
కరక్కాయ అన్నారు కనుక అద్దకం వీధికి రండి. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరేస్తే తప్ప రంగు పట్టదు. టేకు చెక్క అచ్చులు, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి చేసిన నలుపు, పటికతో తెచ్చే ఎరుపు. పర్షియా దాకా వెళ్ళిన సరుకది.

సీమ మిల్లు గుడ్డ చేరగా బందరు
అద్దకమ్ము నడుగు నతడు లేక
ఆలి ముక్కుపుడక నంగట పెట్టి తా
కాణి లేనివాడు కనకమమ్మె

గొడుగుపేట మనవరాలు:
ఇప్పటిదాకా సరదాగా చదువుతున్నాను. ముక్కుపుడక దగ్గర ఆగిపోయాను.

గానుగెద్దు:
ఇందులో వైరుధ్యమే లేదు. కాణీ లేదు కనుకనే అమ్మాడు. సమస్యను విప్పలేదు, అందులో ఏ చిక్కూ లేదని చూపించాడు. నాకు ఇదే పెద్ద పూరణ అనిపిస్తోంది. ఒక్క మాట మీద మాత్రం పేచీ. మిల్లు గుడ్డ అద్దకానికి శత్రువు కాదు, దాని మీద కూడా అచ్చు వేసుకోవచ్చు. దెబ్బ కొట్టింది మాంచెస్టరు నుంచి అచ్చు పడే దిగిన గుడ్డ.

ఫరాసుపేట:
నిజమే. "సీమ యచ్చు గుడ్డ చేరగా బందరు". గణాలు కదల్లేదు. "తా" పాదపూరణమే, దాన్ని మాత్రం చూసీ చూడనట్టు వదిలేయండి.

తీపి పొట్లం:
ఏడిపించారు కనుక నోరు తీపి చేస్తాను. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన హల్వా.

గోధుమలను రుబ్బి గుడ్డలో వడగట్టి
బెల్లపాకమందు వేసి కలిపి
నేతి ముద్ద మెరయ నిగనిగలాడించి
కాణి లేనివాడు కనకమమ్మె

కొత్త కలం:
బె కు వే యతి పడుతుందా?

నిర్వాహకుడు:
పడుతుంది. ప, ఫ, బ, భ లతో వ కు మైత్రి ఉంది.

గొడుగుపేట మనవరాలు:
యతి సంగతి సరే, రంగు సంగతి? బెల్లం పడ్డ బందరు హల్వా నల్లగా ఉంటుంది. దాన్ని కనకం అంటే తిన్నవాళ్ళు ఒప్పుకోరు.

తీపి పొట్లం:
రంగు కాదండీ, ధర. తూకం వేసేటప్పుడు చూడాలి ఆయన మొహం, కంసాలి కూడా అంత బిగపట్టడు. అన్నట్టు, ఇవాళ కూడా మా ఇంట్లో హల్వా పొట్లం విప్పితే కాగితానికి అంటిన నెయ్యి కోసమే పిల్లలు కొట్టుకుంటారు.

నిర్వాహకుడు:
ఈ వారం ఫరాసుపేటగారిది మొదటిది, కొత్త కలానిది దాని పక్కనే. పాత సందూకంగారూ, మీ పద్యానికి మాత్రం గాజు బహుమతి వచ్చినట్టే, అదీ పక్కింటి నుంచి.

వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదం:

గంట మోగకుండ గానుగాడె

గానుగెద్దుగారు తన సొంత కథ చెప్పుకోకూడదు.

గానుగెద్దు:
అన్యాయం.